నూటికి మూడున్నర వడ్డీ

పట్టణములలో కొత్తగా ఉద్యోగమున చేరిన యువకునకు మొదటి నెల జీతము చేతికందకమునుపే కార్డు నంటగట్టువాడు ఎదురగుచున్నాడు. హైదరాబాదు మాదాపురమందలి కార్యాలయముల వాకిళ్లలోను, విజయవాడ, విశాఖపట్టణములందలి పెద్ద అంగళ్ల ద్వారములకడను బల్ల వేసికొని కూర్చున్న వారిని మా పాఠకులందఱు చూచుచునే యున్నారు. ఆ బల్లమీద ఉచితముగా నిచ్చు సంచి యొకటి యుండును. ప్రక్కన చిఱునవ్వొకటి యుండును. వడ్డీ యెంతయని యడిగినచో, “సకాలమున కట్టినవారికి వడ్డీయే లేదు గదా సార్!” అను ప్రత్యుత్తరము సిద్ధముగా నుండును. ఇది అబద్ధము కాదు. అబద్ధము కాకపోవుటయే దీనియందలి ప్రమాదము.

వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొనుట మనవారికి తరతరముల వాడుక. రూపాయి వడ్డీ ధర్మవడ్డీ యనియు, రెండు రూపాయలు కఠినమనియు, మూడు దాటినచో కొంప ముంచు వడ్డీ యనియు పల్లెలో నక్షరము రానివాడును చెప్పగలడు. మూడు రూపాయలకు అప్పిచ్చు షావుకారును మనము జలగ యందుము. (ఆతని కొడుకునకు పిల్లనిచ్చుటకు మాత్రము వెనుదీయము; అది వేఱు సంగతి.) ఇప్పుడు క్రెడిట్ కార్డుమీద బాకీ నిలిపినవానివద్ద మన బ్యాంకులలో పెక్కు రాబట్టుచున్న వడ్డీ యెంత? నెలకు నూటికి మూడు రూపాయలు మొదలు మూడు ముప్పాతిక వఱకు. అనగా సంవత్సరమునకు 36 మొదలు 45 వఱకు. ఆ వడ్డీమీద మరల నూటికి 18 వంతున వస్తుసేవల పన్ను. షావుకారు అరుగుమీద కూర్చుండి అడుగుచున్నాడు. బ్యాంకువారు చల్లని గాజుగదిలో కూర్చుండి అడుగుచున్నారు. ఒకడు జలగయు, మఱియొకరు నాగరికులును అగుటకు ఇంతకన్న వేఱు కారణము మాకు గానరాలేదు.

లెక్క వేసి చూతము. ఒక యువకునకు కార్డుమీద 40,000 రూపాయల బాకీ నిలిచినది, వడ్డీ మూడున్నర. ఒక నెలకు వడ్డీ 1,400; దానిపై పన్ను 252. మొత్తము బాకీ 41,652. బిల్లుమీద “చెల్లింపవలసిన కనీస మొత్తము” అను నంకె యొకటి యుండును. నూటికి 5 వంతున లెక్కించినచో నది సుమారు 2,083 రూపాయలు. అది కట్టి యువకుడు తన బాధ్యత తీఱినదని హాయిగా నిద్రించును. బాకీ యెంత మిగిలినది? 39,569. రెండువేల పైచిలుకు చేతినుండి పోగా తఱిగిన అప్పు 431 రూపాయలు! అంతటితో సరిపోలేదు. బాకీ పూర్తిగా తీర్పనంతకాలము కొత్తగా కొన్న ప్రతి వస్తువునకును కొన్ననాటినుండియే వడ్డీ నడచును. బల్లకడ చెప్పిన నలువదైదు దినముల గడువు, ఏబది దినముల గడువు ఆ ఘడియతోనే చెల్లిపోవును. ఇక కార్డుతో యంత్రమునుండి నగదు తీసినవానికి గడువను మాటయే లేదు. రుసుము వేఱు, తొలినాటినుండి వడ్డీ వేఱు.

కనీస మొత్తము మాత్రమే కట్టినచో అప్పు ఏండ్ల తరబడి సాగునని బిల్లుమీద హెచ్చరిక ముద్రింపవలెనని రిజర్వు బ్యాంకు 2022లో నాదేశించినది. ముద్రించుచున్నారు. ఎక్కడ, ఏ పరిమాణపు టక్షరములలో ముద్రించుచున్నారో బిల్లు దగ్గఱనుంచుకొని మా పాఠకులే వెదకి చూచుకొందురు గాక.

ఇంతటి వడ్డీని చట్టము సహించుచున్నదా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. వడ్డీ అసలును మించరాదను దామదుపటు సూత్రము మన పూర్వుల ధర్మశాస్త్రములందే యున్నది. 1918లో పరప్రభుత్వము సైతము అన్యాయపు వడ్డీల చట్టము చేసి, మితిమీఱిన వడ్డీని తగ్గించు అధికారము న్యాయస్థానముల కిచ్చినది. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మద్రాసు రాష్ట్రమున రైతుల ఋణభారమును తగ్గించు చట్టమును తెచ్చి, పాతబాకీలలో అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు ఇక చెల్లింపనక్కఱలేదని ప్రకటించినది. ఇది యంతయు దాస్యకాలపు కథ. స్వతంత్రభారతమున జరిగినదేమి? 1949 నాటి బ్యాంకుల నియంత్రణ చట్టమున 1984లో 21-ఎ అను విభాగమును చేర్చి, వడ్డీ యధికమను కారణముచే బ్యాంకు లెక్కను న్యాయస్థానము తిరగదోడరాదని శాసించిరి. 1918 నాటి చట్టము షావుకారుకు వర్తించును, బ్యాంకునకు వర్తింపదు! 2008లో జాతీయ వినియోగదారుల వివాదపరిష్కార సంఘమువారు కార్డు బాకీపై సంవత్సరమునకు నూటికి 30 మించి వడ్డీ గొనుట అన్యాయ వ్యాపారమని తీర్పు చెప్పగా, 2024 డిసెంబరు 20వ తేదీన సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. న్యాయమూర్తులను మేము నిందింపము. వారిముందున్న శాసనము అట్టిది. శాసనము చేసిన సభయు, ఆ సభకు ప్రతినిధులను పంపిన మనమును జవాబు చెప్పవలసియున్నది.

ఇట్లనుటచే మేము కార్డులనే బహిష్కరింపుమని చెప్పుచున్నట్లు తలపరాదు. “మా కాలమున నప్పులేకుండ బ్రతికితిమి” అని గర్వించు పెద్దలు కలరు. వారు నిజముగా అప్పులేకుండ బ్రతికిరా, లేక ఊరి కోమటి ఖాతా పుస్తకమున బ్రతికిరా యన్నది విచారింపదగిన విషయమే. కార్డు మనకు పరాయి వస్తువు కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డులు జారీచేసి, ఈ దేశమున ఈ పనికి మొదట పూనుకొన్న బ్యాంకులలో నొకటిగా పేరొందినది. (2020లో ఆ బ్యాంకు వేఱొక బ్యాంకున విలీనమై పేరు మాసిపోయినది; ఆ దుఃఖము మఱియొక వ్యాసమునకు దగినది.) అదియునుగాక, 2005 నాటి చట్టము ననుసరించి ఋణసమాచార సంస్థలు ప్రతివాని అప్పుచరిత్రను గ్రంథస్థము చేసి, 300 మొదలు 900 వఱకు మార్కులు వేయుచున్నవి. రేపు ఇల్లు కట్టుటకు అప్పు కావలసినవానికి ఈ మార్కులే యోగ్యతాపత్రము. ఎన్నడు నప్పుచేయనివానికి చరిత్రయే లేదు. కావున వానిని నమ్ముటకు బ్యాంకు సంశయించును. సత్ప్రవర్తనకు ఋజువుగా మొదట ఋణగ్రస్తుడు కమ్మనుట విపరీతముగానే యున్నది. కాని ఉన్న స్థితి యిది.

కావున మన యువకుడు మొదటి కార్డు నెట్లు ఎన్నుకొనవలెను? ఇప్పుడు వారెన్నుకొను విధము మేమెఱుగుదుము. ఏ కార్డున కెంత సొమ్ము తిరిగివచ్చును, ఏ కార్డునకు విమానాశ్రయమున ఉచిత ఫలాహారము దొరకును, ఏ కార్డు నలుపురంగున మెఱయును — ఇవి వారి చర్చలు. ఏడాదికొకసారియైనను విమానమెక్కనివానికి విమానాశ్రయపు ఫలాహారముతో నేమి పని? నూటికొక రూపాయి తిరిగివచ్చునను నాశతో నూటికి మూడున్నర రూపాయల ఉరిలో తల దూర్చుట యేపాటి గణితము? బహుమానము లిచ్చువాడు దాత కాడు. ఆ బహుమానముల వ్యయములో కొంత బాకీ నిలిపినవాని వడ్డీనుండియే వచ్చుచున్నదని గ్రహించినచో, స్నేహితుడు చూపిన “లాభము” వేఱొక స్నేహితుని కన్నీరని తెలియును.

జీతము పడు బ్యాంకునందే, సంవత్సరపు రుసుము ఎన్నటికిని లేని సాధారణపు కార్డు నొకదానిని తీసికొనుట మేలు. మొదటి యేడు మాత్రమే రుసుము లేదను మాటకు లోబడరాదు. పరిమితి ఒక నెల జీతమును మించనీయరాదు. బ్యాంకు తనంతట పెంచెదనన్నను వలదనవచ్చును, కార్డుదారుని యంగీకారము లేనిదే పెంచుటకు వీలులేదు. జీతము లేని విద్యార్థి, కొంత సొమ్ము స్థిరనిక్షేపముగా వేసి, దాని పూచీమీద కార్డు పొందవచ్చును. 20,000 రూపాయలు వేసినవానికి పెక్కు బ్యాంకులలో అందులో కొంతభాగమే పరిమితిగా దొరకును. నిక్షేపముపై వడ్డీ తనకు వచ్చుచునే యుండును. ఆడంబరము లేని మార్గమగుటచే దీనిని బల్లకడ నెవ్వరు చెప్పరు. ఇక బిల్లు సొమ్ము ఖాతానుండి దానంతట నదియే పోవునట్లు ఏర్పాటు చేసికొనునపుడు “కనీస మొత్తము”, “పూర్తి మొత్తము” అని రెండు గడులుండును. ఏ గడిలో గుర్తు పెట్టితిమన్నదే సర్వమును నిర్ణయించును. 2022 తరువాత రూపే కార్డును ఫోనుకు జతపఱచి టీ దుకాణమున సైతము అప్పుమీద టీ త్రాగుటకు వీలు కలిగినది. పదిరూపాయల అప్పు అప్పువలె కనబడదు గనుక నీ సౌకర్యమును మొదటి సంవత్సరము దూరముగా నుంచుటయే మంచిదని మా యభిప్రాయము.

అమెరికాలో 1958లో ఒక బ్యాంకువారు ఫ్రెస్నో నగరమున అడుగనివారికి సైతము సుమారు 60,000 కార్డులు తపాలాలో పంపిరి. అర్ధశతాబ్దము కష్టములనుభవించిన పిమ్మట ఆ దేశమువారు 2009లో చట్టము చేసి, 21 ఏండ్లు నిండనివారికి స్వంత ఆదాయమో, పూచీదారో లేనిదే కార్డు ఈయరాదనియు, కళాశాలల ఆవరణలలో కానుకలు చూపి కార్డులు కట్టబెట్టరాదనియు కట్టడిచేసిరి. ధనస్వామ్యమునకు పుట్టినిల్లు వంటి ఆ దేశమునకు తోచినది మన శాసనసభ్యులకు తోపకుండుటకు హేతువేమి? కార్డు షరతులు స్థానిక భాషలో నుండుట కూడ రిజర్వు బ్యాంకు 2022 ఆదేశములలో విధిగా కాక, ఉన్న మంచిదను ధోరణిలోనే చెప్పబడినది. బల్లకడ తెలుగు మాటాడువాడు సంతకము చేయించు కాగితము తెలుగున లేకుండుట మోసమునకు సగము తోడ్పాటు. నెలకు నూటికి ఇన్ని రూపాయలని తెలుగున, కనీస మొత్తపు టంకెకు పైన, దానికన్న పెద్ద యక్షరములలో ముద్రింపవలెనని శాసింపుడు. ఎన్ని బల్లలు మిగులునో చూతము.

ఆ యాదేశములందే కొన్ని రక్షణలును కలవు. కోరకయే కార్డు పంపి రుసుము వేసిన సంస్థ, ఆ రుసుమును రద్దుచేయుటయేగాక దానికి రెట్టింపు చెల్లింపవలెను. బాకీ లేని కార్డును మూయుమని కోరిన ఏడు పనిదినములలో మూయనిచో, ఆలస్యమైన ప్రతి దినమునకు 500 రూపాయలు కార్డుదారునకు ఈయవలెను. ఈ సంగతి తెలిసినవారు మన పట్టణములలో వేళ్లపై లెక్కింపదగియున్నారు. పఠనాలయముల కార్యదర్శులు ఈ రెండు నిబంధనలను, పైని 40,000 రూపాయల లెక్కను పెద్ద కాగితముపై వ్రాయించి, ఉద్యోగప్రకటనలు చూచుకొనుటకు యువకులు నిలుచు గోడకే అంటింపవలెనని కోరుచున్నాము.