ఫిషింగ్ హార్బర్ పిల్లుల గురించి మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కమిషనర్ గారికి బహిరంగ లేఖ



ఏటా ఏప్రిల్ 15న తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా, 61 రోజుల పాటు నిషేధం. ఆ రెండు నెలలకీ మత్స్యకార కుటుంబాలకు, చాలినా చాలకపోయినా, ప్రభుత్వ భృతి అందుతుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌నే నమ్ముకున్న ఇంకో జనాభాకు మాత్రం ఏ జాబితాలోనూ చోటు లేదు. వేలంపాటలు సాగినన్నాళ్లూ చేపల తలలు, పొట్టలు, తట్టల్లోంచి జారిపడ్డ కవ్వళ్లు తిని బతికే పిల్లులవి. బోట్లు జెట్టీకి కట్టేసి వలలు బాగుచేసుకునే ఆ రోజులు వాటికి కరువు రోజులు. ఎండలు ముదిరేదీ అప్పుడే.

వాటికోసం ఈ లేఖ అడిగేది ఒక చిన్న ఆవరణ. చుట్టూ, పైనా జాలీ. లోపల నీడ, నీళ్లు. పక్కనే ఆపరేషన్లు చేసుకోవడానికి ఒక గది. ఊరవతల ఎకరాల్లో కట్టే పెద్ద షెల్టర్ వద్దు, హార్బర్ పక్కనే కావాలి. చిన్నదే ఎందుకు కావాలో చెప్పడానికే ఇంత ఉత్తరం.

మూగజీవాల మాటెత్తితే మన నగరాల్లో చర్చంతా కుక్కల చుట్టూనే తిరుగుతుంది. అందులో తప్పేమీ లేదు, కరిచేది కుక్కే. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజులకే, 22న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. రేబీస్ లేనివాటిని, మరీ మీదపడి కరిచే స్వభావం లేనివాటిని ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమంది. తిండి పెట్టడానికి వార్డుల్లో ప్రత్యేక స్థలాలు గుర్తించమంది. దేశమంతా ఆ రెండు ఉత్తర్వుల మీద కొట్టుకుంది. పిల్లి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎవరినీ వెంటపడి తరమదు, ట్రాఫిక్ ఆపదు, పగలు కనిపించదు. ఫిర్యాదు రాని సమస్య ఫైలెక్కదని మీకు ఒకరు చెప్పనక్కర్లేదు.

చట్టం మాత్రం పిల్లిని మరిచిపోలేదు. 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు పేరులోనే కుక్కలకు పరిమితం. వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చిన నిబంధనలు, జనావాసాల్లో పుట్టి పెరిగే, యజమాని లేని జంతువులను వన్యప్రాణులు కానంతవరకూ ఒకే కోవలో చేర్చాయి. తిండి పెట్టే చోటు మెట్ల దగ్గర, గుమ్మాల దగ్గర, పిల్లలాడుకునే చోట ఉండకూడదని కూడా అందులో ఉంది. ఇక బాధ్యత ఎవరిదంటారా, 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు చూడండి. పురపాలక సంస్థలు చేపట్టదగిన పనుల్లో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ ఒకటి. బందెలదొడ్లతో కలిపి ఒకే పద్దు కింద రాశారు. బందెలదొడ్డి ఎవరి పనో మన ఊళ్లలో ఎవరికీ అనుమానం రాదు. దాని పక్కనున్న పనికే దిక్కు లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు. మోసేది రెండు నెలల పైచిలుకు. ఈతకు మూడు నుంచి ఐదు కూనలు మామూలు. పాలిస్తుండగానే మళ్లీ కట్టవచ్చు. పగటి పొడుగు తగ్గే చలి దేశాల్లోలాగా మన దగ్గర దానికి పెద్దగా విరామ కాలం కూడా లేదు. ఈ వేగం ముందు ఎంత పెద్ద షెడ్డయినా దిగదుడుపే. పైగా షెల్టర్ అని బోర్డు కనబడితే చాలు, తెల్లారేసరికి గేటు ముందు అట్టపెట్టెలో కళ్లు తెరవని కూనలుంటాయి. వదిలేసి వెళ్లినవాళ్లకు పుణ్యం చేశామన్న తృప్తి. ఆ కూనలతో పార్వో జాతి వైరస్, అదే పాన్‌ల్యూకోపీనియా, లోపలికొచ్చిందంటే గదిలోని టీకా పడని కూనలను రోజుల్లో ఊడ్చేస్తుంది. ఆ వైరస్ నేలలో, గోడల్లో నెలల తరబడి బతికే ఉంటుంది. దయతో కట్టిన పెద్ద షెడ్లు శవాల కొట్లయ్యేది ఇలాగే.

కాబట్టి ఆవరణ పరిమాణాన్ని ఊళ్లో ఉన్న పిల్లుల సంఖ్యను బట్టి తేల్చకూడదు. తిరిగి బయటికి వెళ్లలేనివి ఎన్ని ఉంటాయో, ఆపరేషన్ అయ్యాక కోలుకుంటూ ఒక వారంలో ఎన్ని ఉంటాయో చూసి తేల్చాలి. మిగతావన్నీ హార్బర్‌లోనే, వాటి వాటి బోట్ల దగ్గరే ఉంటాయి.

రోమ్ నగరం చేసిందిదే. అక్కడ లార్గో ది టొర్రె అర్జెంటీనా అని, రెండువేల ఏళ్లు దాటిన నాలుగు గుళ్ల శిథిలాలున్న పల్లపు స్థలం ఒకటుంది. జూలియస్ సీజర్‌ను పొడిచి చంపిన సభామందిరం ఆనవాళ్లు ఆ పక్కనే. 1920ల చివర్లో తవ్వకాలు జరిగాయి, పిల్లులు చేరాయి. 1990ల్లో కొందరు మహిళలు వీధి మట్టానికి దిగువన ఉన్న ఇరుకు గదిలో వాటికి వైద్యం, ఆపరేషన్లు మొదలుపెట్టారు. గుడ్డివి, కాలు పోయినవి గదిలో ఉంటాయి. మిగతావి గుడిమెట్ల మీద ఎండ కాగుతుంటాయి. ఇటలీ 1991లో చేసిన 281వ నంబరు చట్టం వీధిపిల్లులను చంపడానికి వీల్లేదంది, ఆపరేషన్ చేసి ఉన్నచోటే వదలమంది. 2012లో పురావస్తు అధికారులు ఆ గది అక్రమ కట్టడమని, ఖాళీ చేయాలని పట్టుబడితే ఊరు ఊరంతా గొడవ. 2023లో ఆ శిథిలాల మధ్య నడకదారి వేసి సందర్శకులకు తెరిచారు. పిల్లులూ ఉన్నాయి, గదీ ఉంది.

చేపల ఊరి ఉదాహరణే కావాలంటే జపాన్‌లో అయోషిమా దీవి ఉంది. పడవల్లో ఎలుకల బెడద పోవాలని తెచ్చుకున్న పిల్లులు, మనుషులు బతుకుతెరువు కోసం దీవి విడిచిపోయాక మనుషులకన్నా ఎన్నో రెట్లయ్యాయి. 2018లో దాదాపు అన్నిటికీ ఆపరేషన్లు చేశారు. కొత్త కూనలు లేవు, ఏటేటా సంఖ్య తగ్గుతోంది. ఒక్క పిల్లినీ చంపకుండా, ఒక్కదాన్నీ జీవితాంతం బంధించకుండా జరిగిన పని అది.

ఇక కట్టడం సంగతి. ఎస్టిమేటు వేసే ఇంజినీరుగారి కోసం కొంచెం వివరంగానే చెప్పాలి.

జాలీ అనగానే మనవాళ్లు ఆరుపలకల కోళ్ల జాలీ చుట్టేస్తారు. దాని తీగ సన్నం. ఉప్పుగాలికి తుప్పు పట్టి చేత్తో లాగితే ఊడొస్తుంది, కుక్క పళ్లకు అసలు ఆగదు. కావలసింది అంగుళం గడి వెల్డ్ మెష్, అదీ వెల్డింగ్ అయ్యాక జింకులో ముంచి తీసినది. కింది అంచు అడుగు లోతున పాతాలి, పైన కూడా మూయాలి. ఆరడుగుల కంచె పిల్లికి లెక్కే కాదు. తలుపులు రెండుండాలి, మధ్యలో మనిషి నిలబడేంత చోటుతో. ఒకటి మూశాకే రెండోది తీయాలి. ఈ రెండో తలుపు ఎస్టిమేటులో మొదట కొట్టేసే ఖర్చు. మొదటి పిల్లి పారిపోయేదీ ఆ లోటుతోనే.

షెల్టర్ల పశువైద్యులు గుంపుగా ఉంచే పిల్లులకు తలా 18 చదరపు అడుగులైనా ఉండాలంటారు. గదికి పది, పన్నెండు మించకూడదు. అంటే, ఉదాహరణకు, 20 పిల్లులకు 360 చదరపు అడుగులు, నడుమ అడ్డుజాలీతో రెండు గదులు. 20 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు జాగా సరిపోతుంది. నేల వైశాల్యం కన్నా పిల్లికి ఎత్తు ముఖ్యం. గోడ పొడుగునా వేర్వేరు ఎత్తుల్లో చెక్క అరలుంటే ఒకదాని కంట పడకుండా ఇంకొకటి పడుకుంటుంది, కొట్లాటలు సగం తగ్గుతాయి.

పడక పెట్టెలకు టెండరు పిలవనక్కర్లేదు. హార్బర్‌లో ఎక్కడ చూసినా చేపల థర్మాకోల్ పెట్టెలే. మూత పగిలినవి కడిగి, బోర్లించి, పక్కన జానెడు లోపు రంధ్రం కోసి, గీరి పాడుచేయకుండా పాత ప్లాస్టిక్ ట్రేలో బిగించి ఇటుకల మీద పెడితే వాన నీరు చేరదు, ఎండ దిగదు. చలి దేశాల్లో పిల్లుల ప్రేమికులు డబ్బు పోసి కొనే గూడు ఇదే. పైకప్పు ఉత్త రేకు అయితే మేలో లోపలున్నవి ఉడికిపోతాయి. రేకు మీద తాటాకు పరచాలి. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరికి ఏం చేసిందో చూశాం. స్తంభాలు కాంక్రీటులో పాతిన ఇనుప పైపులై ఉండాలి. తాటాకు కట్లు తుపాను కాలం ముందు విప్పి దించేలా ఉండాలి. హెచ్చరిక రాగానే లోపలివాటిని తరలించడానికి బోనులు అక్కడే సిద్ధంగా ఉండాలి.

ఫినాయిల్ విషయం విడిగా చెప్పాలి. మన ఆఫీసుల్లో శుభ్రత అంటే ఫినాయిల్ వాసన. పిల్లి కాలేయానికి ఆ జాతి రసాయనాలను విరిచే శక్తి బాగా తక్కువ. పాదాలకు అంటిన ఫినాయిల్ నాకి చచ్చిపోగలదు. పారాసిటమాల్ మాత్ర కూడా దానికి విషమే. నేలకు నీళ్లలో కలిపిన బ్లీచింగ్, పది నిమిషాలయ్యాక మంచినీళ్లు, అంతే. ఈ ఒక్క మాట పెద్దక్షరాలతో గోడ మీద రాయించండి. ఇసుకతొట్టిలోని మలం ఏ రోజుది ఆ రోజు తీసేయించాలి. గర్భిణులు భయపడే టాక్సోప్లాస్మా క్రిమి గుడ్లు బయటపడ్డాక కనీసం ఒక రోజు గడిస్తేగానీ అంటుకునే స్థితికి రావు. రోజూ ఎత్తిపోస్తే ఆ బెడద చాలావరకు తీరుతుంది. పళ్లేల కింద నీళ్ల ప్లేటు పెడితే చీమలు రావు.

పుణ్యానికి పాల ప్యాకెట్లు తెచ్చే భక్తులను మర్యాదగా ఆపాలి. తెనాలి రామకృష్ణుడి పిల్లి మూతి కాలి పాలు మానేసిందంటారు. నిజానికి పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి చల్లని పాలు పోసినా అరగవు, విరేచనాలే. ఉడికించిన చేప, నీళ్లు చాలు.

రేవు పోర్టు పరిధిలోది కాబట్టి జాగా కోసం మీరు పోర్టు అథారిటీతో, మత్స్యశాఖతో కూర్చోవలసి వస్తుంది. బోట్ల యజమానుల సంఘాలను కూడా పిలవండి. ఎండుచేపల దగ్గర పిల్లిని తిట్టుకునేదీ వాళ్లే, వలలు కొరికే ఎలుకల కోసం దాన్ని ఉంచుకునేదీ వాళ్లే. ‘పిల్లుల్ని ఎత్తుకుపోతారు’ అన్న పుకారు పుడితే ఒక్క బోను కూడా సాగనివ్వరు. ఆపరేషన్ అయినదాని ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరించి, రేబీస్ టీకా వేసి, ఏ బోటు దగ్గర పట్టామో అక్కడే వదులుతామని ముందే చెప్పాలి. పిల్లికీ రేబీస్ వస్తుంది, టీకా వాళ్ల పిల్లల కోసం కూడా.

ఒక్క చోట మాత్రం ఈ లేఖ మిమ్మల్ని కఠినంగా ఉండమంటుంది. జాగా దొరకలేదని ఈ ఆవరణను కంబాలకొండ అంచుకో, తాబేళ్ల గుడ్లు పొదిగించే జోడుగుళ్లపాలెం తీరానికో నెట్టొద్దు. ఊరపిల్లి పుట్టు వేటగాడు. పక్షి పిల్లనూ, ఆలివ్ రిడ్లే కూననూ అది తేడా చూడదు. కోరింగ మడ అడవుల్లోని బావురుపిల్లి కూడా చేపలు పట్టేదే, కానీ అది వన్యప్రాణి, అడవి దాని సొంతం. ఊరపిల్లి ఊళ్లో ఉండాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్నకు జవాబు మొదట్లో చెప్పిన తేదీల్లోనే ఉంది. కడుపు నిండిన పిల్లి బోను ముఖం చూడదు, అందుకే పట్టే ముందు రోజు తిండి ఆపడం ఎక్కడైనా ఉన్న పద్ధతే. వేట ఆగిన మొదటి వారాల్లో ఆ పని సముద్రమే చేసిపెడుతుంది. ఆకలిని వాడుకోవడం కటువుగా ఉంటుంది, నిజమే. దాన్ని ఏటా అలాగే వదిలేయడం అంతకన్నా కటువు. తెల్లవారుజామునో రాత్రిపూటో బోనులు పెట్టి, పడగానే పైన గుడ్డ కప్పి, ఎండ ఎక్కకముందే నీడకు చేర్చాలి. రెండు నెలలు నిండి, కిలో బరువు తూగే కూనలకూ ఆపరేషన్ చేయవచ్చు. ఆడవాటిని రెండు మూడు రోజులు ఉంచుకుని పంపితే అదే జాలీ గది వారానికి రెండు విడతలకు సరిపోతుంది. జూన్ 14 రాత్రి బోట్లు మళ్లీ బయల్దేరేలోగా హార్బర్‌లోని ఆడపిల్లుల్లో అత్యధిక భాగానికి ఆపరేషన్లు పూర్తి చేయవచ్చు.

ఇందుకు మార్చి నెలాఖరుకల్లా జాలీ నిలబడాలి, బోనులు రావాలి, పిల్లులకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయడం బాగా తెలిసిన పశువైద్యుడు ఒప్పుకోవాలి. కుక్కలకు చేసిన చెయ్యి పిల్లికి చాలదు, దాని మత్తు మోతాదు వేరు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు, ఉత్తరాలకు టెండర్లు కదలవని కూడా తెలిసిందే. అందుకే ఒక చిన్న పనితో మొదలుపెట్టమని మనవి. మీ పశువైద్య విభాగం నుంచి ఒక అధికారిని, వేలం సాగే ఒక తెల్లవారుజామున హార్బర్‌కు పంపి, ఎన్ని పిల్లులున్నాయో, వాటిలో ఆడవెన్నో, చూలువెన్నో లెక్క రాయించండి.

భవదీయులు,
ఫిషింగ్ హార్బర్ పరిసర వాసులు