పెద్దయితే ఏమవుతారు? – రాతిపొరలు చదివేవారు

పిల్లలూ! తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరు అనే పల్లె ఉంది. బొగ్గు జాడ కోసం అక్కడ భూమిలోకి బోరు దించితే, వేడినీళ్లు వాటంతటవే పైకి ఉబికి వచ్చాయి. కింద పొయ్యి రాజేసిందెవరు?

భూమే! లోపలికి పోయినకొద్దీ భూమి వేడెక్కుతుంది. చాలాచోట్ల కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. కాని వేడి ఒక్కటే చాలదు. దానిని మోసుకొచ్చే నీరుండాలి, ఆ నీరు నిలిచే రాయి ఉండాలి. ఆ రాయి ఎక్కడుందో వెతికి చెప్పేవాడే భూగర్భ శాస్త్రజ్ఞుడు.

గోదావరి లోయలో 25 కోట్ల ఏళ్లకు పూర్వమే నదులు ఇసుకను, మట్టిని తెచ్చి పొరలు పొరలుగా పరిచాయి. అవి గట్టిపడి అవక్షేప శిలలయ్యాయి. వాటి నడుమ పూడిపోయిన చెట్టూచేమా బొగ్గయింది. 1871లో విలియం కింగ్ అనే శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నది ఇట్టి పొరలలోనే.

బోరులోంచి తీసిన రాతి ముక్కలను శాస్త్రజ్ఞుడు పెట్టెలలో వరుసగా పేర్చి, భూతద్దంతో చూస్తాడు. గరుకు ఇసుకరాయి కనబడితే, ఒకప్పుడు అక్కడ ఏరు వడిగా పారిందన్నమాట. ఆ రేణువుల సందుల్లో నీరు నిలుస్తుంది. నున్నటి బంకమట్టి రాయి అయితే నీటిని పోనివ్వదు, కుండకు మూతలా పనిచేస్తుంది. ఈ లెక్క తప్పితే ఎంతో డబ్బు పోసి వేసిన బోరు వృథా!

వేడినీటితో, తక్కువ వేడికే మరిగే ఒక ద్రవాన్ని ఆవిరిగా మార్చి యంత్రం తిప్పవచ్చు. 2022 నాటికి సింగరేణివారు పగిడేరులో ఇట్లా 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రాన్ని నిర్మించారు. అంటే 10 వాట్ల బల్బులు 2,000 వెలిగించేటంత. ఇంతేనా అనకండి! ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో భూమి ఆవిరితో వెలిగినవి ఐదే బల్బులు. 1913లో అక్కడ విద్యుత్ కేంద్రమే వెలిసింది. కాల్చిన బొగ్గు మళ్లీ రాదు, పొగా బూడిదా మిగులుతాయి. భూమి వేడిని మాత్రం, వాడిన నీటిని తిరిగి లోపలికి పంపుతూ పొదుపుగా తీసుకుంటే, తరతరాలకు అందుతుంది.

ఈ పని మీద ఆసక్తి ఉందా? లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు శ్రద్ధగా చదవండి. తరువాత ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల వంటి చోట్ల భూగర్భ శాస్త్రం నేర్చుకోవచ్చు. అబ్బాయిలే కాదు, అమ్మాయిలూ ఈ పనిలో ఉన్నారు. ఎండలో కొండలెక్కే ఓపిక మాత్రం కావాలి.

ఈలోగా ఒక పని చేయండి. గాజుసీసాలో గులకరాళ్లు, ఇసుక, మట్టి వేసి, నీరు పోసి, మూత బిగించి కుదపండి. ఒక రోజు కదపకుండా ఉంచండి. ఏది అడుగున చేరింది? ఏది పైన నిలిచింది? ఎందుకు? బొమ్మ గీసి, పక్కన కారణం రాసుకోండి. రాతిపొరలు చదవడంలో అదే మీ మొదటి పాఠం.