బడికి ముందు ఓడ

2003లో అమెరికా నౌకాదళం ఓ పొదుపు లెక్క వేసింది. కొత్తగా హోదా పొందిన కుర్ర అధికారులను న్యూపోర్ట్‌లోని బడిలో నెలల తరబడి కూర్చోబెట్టడం ఎందుకు? ఎలాగూ ఓడ మీదే కదా పని, అక్కడే నేర్చుకుంటారు అనుకుంది. ఆ కోర్సు మూసేసి, పాఠాలన్నీ సీడీల్లోకి ఎక్కించి చేతికిచ్చి, కుర్రాళ్లను నేరుగా ఓడలకు పంపింది. ఆ సీడీలకు నావికులు పెట్టుకున్న ముద్దుపేరు ‘పెట్టెలో బడి’. ముద్దు కంటే వెటకారమే ఎక్కువ.

నీళ్లలో దిగందే ఈత రాదంటాం కాబట్టి వినగానే ఈ ఆలోచన తప్పనిపించదు. ఓడే బడి అన్న పద్ధతి పాతదే కూడా. బ్రిటన్ నౌకావీరుడు నెల్సన్ 1771లో మేనమామ కెప్టెన్‌గా ఉన్న ఓడ ఎక్కేనాటికి పన్నెండేళ్లవాడు. నేటికీ అక్కడి నౌకాదళానికి చెందిన డార్ట్‌మత్ కళాశాల కేడెట్లు తమ తమ శాఖల శిక్షణకు వెళ్లకముందే కొన్ని వారాలు యుద్ధనౌకల మీద గడుపుతారు. మామూలు నావికుల మధ్యే పడక, వాళ్లతోనే తిండి. డెక్ కడగాలి, వంటగదిలో గిన్నెలు తోమాలి, మోకులు లాగాలి. రేపు తాను ఎవరికి హుకుం ఇవ్వబోతున్నాడో వాళ్ల చెమట ముందు తనకు తెలియాలన్నది అందులోని కిటుకు.

అయితే ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గిన్నెలు తోమే ఆ కేడెట్ పొరపాటు చేస్తే మహా అయితే ఓ పళ్లెం పగులుతుంది. అతని మీద ఓడ ఆధారపడి లేదు.

2003 తర్వాతి అమెరికా కుర్రాడి సంగతి వేరు. ఓడ ఎక్కీ ఎక్కగానే ఒక విభాగానికి అధికారి అయిపోయాడు. తండ్రి వయసున్న సీనియర్ నావికుడు (చీఫ్) ‘సర్’ అంటూ కాగితాలు ముందు పెడతాడు. సెలవులు, మరమ్మతులు, తనిఖీలు అన్నిటికీ సంతకం తనదే. అర్ధరాత్రి ఓడను నడిపించే చోటైన బ్రిడ్జి మీద వాచ్‌కి నిలబడాలి. సీడీలు చూసే తీరిక ఏ తెల్లవారుజామునో దొరకాలి. దీనికి తోడు అర్హతల పుస్తకం ఒకటి. రాడార్ వాడటం, ఎదురొచ్చే ఓడకు దారివ్వడం లాంటి ప్రతి అంశం ఎదుటా సీనియర్ ఒకరు ‘వీడికి వచ్చు’ అని సంతకం పెట్టాలి. సంతకాలు నిండితే అర్హుడైనట్టే. రికార్డు పుస్తకంలో సంతకం పడితే ప్రయోగం చేసినట్టే లెక్క అని నమ్మిన మన కాలేజీ ల్యాబులు గుర్తొస్తే నా తప్పు కాదు.

సంతకం పెట్టే సీనియర్‌కైనా నేర్పే తీరిక ఉందా? ఓడల మీద సిబ్బంది వారానికి సగటున 108 గంటలు విధుల్లో ఉంటున్నారని ఆ నౌకాదళం 2014లో చేసిన అధ్యయనంలోనే తేలింది. వారానికి ఉన్నవే 168 గంటలు. మిగిలిన అరవైలోనే నిద్ర, తిండి, స్నానం. శిష్యుడిని ఓడకు పంపారు గానీ, గురువుకు ఒక్క గంట కూడా మిగల్చలేదు. అసలు లోపం అక్కడుంది.

2010లో వైస్ అడ్మిరల్ బాలిల్ నేతృత్వంలోని సంఘం ఇలాంటి పొదుపులను తప్పుపట్టింది. 2012లో ఓ చిన్న కోర్సు తిరిగొచ్చింది. 2017 జూన్‌లో జపాన్ తీరాన ఫిట్జ్‌జెరాల్డ్, ఆగస్టులో సింగపూర్ దగ్గర మెకెయిన్ అనే అమెరికా యుద్ధనౌకలు వాణిజ్య ఓడలను ఢీకొన్నాయి. ఆ రెండు ప్రమాదాల్లో 17 మంది నావికులు చనిపోయారు. దీనంతటికీ 2003 నిర్ణయమే కారణమనడం తొందరపాటు. అలసట, తగ్గిన సిబ్బంది, చుక్కాని తెరల గందరగోళం అన్నీ కలిశాయి. కానీ మరుసటి ఏడాది జరిపిన పరీక్షను పక్కన పెట్టలేం. అప్పటికే అర్హత సంతకాలు పొంది, బ్రిడ్జి బాధ్యత చూస్తున్న 164 మంది యువ అధికారులను సిమ్యులేటర్‌లో నిలబెట్టి చూస్తే, వంక పెట్టనక్కర్లేనివారు 27 మందే. 29 మంది విషయంలో గట్టి ఆందోళనే వ్యక్తమైంది. మిగిలిన 108 మందిలోనూ ఎంతో కొంత లోపం కనిపించింది.

మన నౌకాదళం వరస వేరు. ఎళిమల అకాడమీలో చదువయ్యాక కుర్రాళ్లు కొచ్చిలోని మొదటి శిక్షణ స్క్వాడ్రన్ ఓడలెక్కుతారు. వాటిలో 1986లో నౌకాదళంలో చేరిన ‘తీర్’, శిక్షణ కోసమే కట్టిన ఓడ. తెరచాపల తరంగిణి, సుదర్శిని కూడా ఉన్నాయి. నక్షత్రాలను చూసి దిక్కు గుర్తించడం, పడవ నడపడం, లంగరు వేయడం అన్నీ నేర్పడమే అక్కడివారి ఉద్యోగం. ఆ తర్వాతే విశాఖ, ముంబయి నౌకల మీదికి. అక్కడ కూడా వాచ్ కీపింగ్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా పక్కన ఒక పెద్ద ఉండాల్సిందే.

ఇదేమీ చవక వ్యవహారం కాదు. నేర్పడానికే కొన్ని ఓడలను, వాటి నిండా సిబ్బందిని, ఇంధనాన్ని పక్కన పెట్టాలి. ఆ ఓడలు శత్రువును వెతుక్కుంటూ పోవు. బడ్జెట్ కాగితం మీద ఇవి ఎప్పుడూ దండగ పద్దులాగే కనిపిస్తాయి. 2003లో అమెరికా కొట్టేసింది సరిగ్గా అలా కనిపించిన పద్దునే.