దానమూ, న్యాయమూ: ఒక గురువు ఆలోచనలు

ఈ కళాశాల వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసినదని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఒక క్రైస్తవ గురువు ఈ విద్యార్థులకు కొత్తగా ఏమి చెప్పగలడా అని కొంత తటపటాయించాను. మత సామరస్యాన్ని గూర్చి నాలుగు మంచి మాటలు చెప్పి విరమించుట సులభం. అటువంటి మాటలు మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. అందుచేత దాదాపు అర్ధ శతాబ్దంగా నన్ను వెన్నాడుతున్న ఒక ప్రశ్నను మీ ముందుంచుతున్నాను. దానం చేసినంత మాత్రాన న్యాయం చేసినట్లేనా?

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచివేసిన ఉప్పెనను గూర్చి మీ పెద్దలు చెప్పగా వినే ఉంటారు. సముద్రం కొన్ని గంటలలో గ్రామాలకు గ్రామాలనే తుడిచివేసింది. అధికార లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. అప్పుడు నేను గురువిద్యాలయంలో చదువుకొంటున్న యువకుడను. తోటివారితో కలిసి సహాయ కార్యక్రమాలకు వెళ్ళాను. శవాలను పూడ్చుట, మందులు ఇచ్చుట, బియ్యం, దుప్పట్లు పంచుట మా పని. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, ఏ మతమూ లేదన్నవారు అందరూ ఒకే బురదలో నిలబడి పనిచేసిన రోజులవి. మానవుని మంచితనంపై నాకు గల నమ్మకానికి నేటికీ ఆ రోజులే ఆధారం.

ఒకనాడు ఒక గ్రామంలో బియ్యం పంచుతున్నాము. ఎగువ గ్రామపు కామందు ఒకరు ఇరవై బస్తాల బియ్యం ఇచ్చారు. ఆయన చేతనే పంపిణీ ప్రారంభింపజేసి, దండ వేసి, అందరి ఎదుట కృతజ్ఞతలు తెలిపాము. ఆయన వెళ్ళిన తరువాత, ఉప్పెనలో ఇల్లు కోల్పోయిన ఒక కూలి స్త్రీ నా వద్దకు వచ్చింది.

“బాబూ, ఆయన చేలో నాట్లేసిన కూలి మాకింకా రాలేదు. అడిగితే పంట చేతికొచ్చాక చూద్దామన్నాడు. ఇప్పుడు పంటే లేదు. బియ్యం ఇప్పించారు గదా, ఆ కూలి కూడా ఇప్పించండి,” అన్నది.

నేనేమి జవాబు చెప్పాలి? మేము బియ్యం పంచడానికే వచ్చామనీ, కూలి తగాదాలు మా పని కాదనీ చెప్పాను. అది పూర్తి నిజం కాదు. అడిగితే ఆయనకు కోపం వచ్చి, రాబోయే బస్తాలు ఆగిపోవునేమోనని నా భయం. ఆమె మరొక మాట అనలేదు. బియ్యాన్ని చీర కొంగులో పోయించుకొని వెళ్ళిపోయింది. ఆమె కూలి ఆమెకు ముట్టినదో లేదో నేను మళ్ళీ విచారించలేదు. గురువునై ఇన్నేళ్ళుగా ఎందరికో పాపక్షమాపణ పలికాను గాని, ఆ ఒక్క మౌనాన్ని నన్ను నేను క్షమించుకొనలేకపోయాను.

కొన్ని సంవత్సరాల తరువాత, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశంలో అగ్రపీఠాధిపతిగా పనిచేసిన ఆస్కార్ రొమేరో జీవితాన్ని చదివాను. సుమారు 21,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యం గల చిన్న దేశమది. కాఫీ తోటలు, మేలైన భూములు కొద్ది కుటుంబాల చేతులలో ఉండేవి. ఆ భూములలో చెమటోడ్చేవారికి సెంటు భూమి కూడా ఉండేది కాదు. సైన్యం భూస్వాముల పక్షాన నిలిచేది. 1977 ఫిబ్రవరిలో రొమేరో అగ్రపీఠాన్ని అధిష్ఠించినప్పుడు, ఈయన మెతక మనిషి, గ్రంథాల మనిషి, ఎవరికీ ఇబ్బంది కలిగించడని సంపన్నులు సంతోషించారు.

నెల తిరుగకముందే, మార్చి 12వ తేదీన, ఆయన మిత్రుడు రుటీలియో గ్రాండే అనే గురువును దారి కాచి కాల్చి చంపారు. చెరకు తోటల కూలీలు సంఘటితం కావడానికి ఆ గురువు తోడ్పడేవాడు. ఆయనతో పాటు ఒక వృద్ధుడు, ఒక బాలుడు కూడా హతులయ్యారు. మరుసటి ఆదివారం తన అధికారంలోని ఆలయాలన్నింటిలో పూజలు నిలిపివేసి, రాజధానిలో ఒకే ఒక్క దివ్యపూజ జరిపించారు రొమేరో. ఆనాటి నుండి ఆయన ఆదివారపు ప్రసంగాలు రేడియోలో ప్రసారమయ్యేవి. ఆ వారంలో చంపబడినవారి పేర్లు, మాయమైనవారి పేర్లు అందులో చదివేవారు. దేశమంతా చెవి ఒగ్గి వినేది.

1980 ఫిబ్రవరిలో ఆయన అమెరికా అధ్యక్షుడు కార్టరుకు లేఖ వ్రాసి, తమ ప్రభుత్వానికి సైనిక సహాయం పంపవద్దని వేడుకొన్నారు. మార్చి 23వ తేదీన, సోదరులను చంపుమన్న ఆజ్ఞ దైవాజ్ఞకు విరుద్ధమనీ, దానిని పాటించనవసరం లేదనీ సైనికులకు బహిరంగంగా చెప్పారు. మరునాటి సాయంకాలం, తాను నివసించే క్యాన్సర్ ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ చేస్తూండగా, ఒక్క తూటాతో ఆయనను కూల్చివేశారు. ఈ హత్యకు ఆజ్ఞాపించినవాడు మాజీ సైనికాధికారి రొబెర్తో దౌబ్విసోన్ అని 1993లో ఐక్యరాజ్యసమితి సత్యశోధక సంఘం తేల్చింది. 2018 అక్టోబరు 14వ తేదీన పోప్ ఫ్రాన్సిస్ రొమేరోను పునీతునిగా ప్రకటించారు.

రొమేరో దానధర్మాలు చేసినంత కాలం ఆయనపై ఎవరికీ కోపం రాలేదన్న సంగతి గమనించండి. ఆకలితో ఉన్నవానికి అన్నం పెట్టే గురువును లోకమంతా పూజిస్తుంది. వీనికి ఆకలి ఎందుకు కలిగినదని అడిగిన క్షణం నుండి అదే లోకం ఆయనను అనుమానంగా చూస్తుంది. దివిసీమలో నేను ఆ రెండవ ప్రశ్న అడుగలేదు. అందువల్లనే నాకెవ్వరూ శత్రువులు కాలేదు.

మన మత గ్రంథాలు ఈ విషయంలో మన కంటే చాలా స్పష్టంగా ఉన్నాయి. కూలివాని కూలిని తెల్లవారే దాకా నీ వద్ద ఉంచుకొనరాదని మోషే ధర్మశాస్త్రం శాసించింది. బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని అపొస్తలుడైన యాకోబు హెచ్చరించాడు. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించవలెనని ముహమ్మద్ ప్రవక్తవారు బోధించినట్లు మీకు నా కంటే బాగా తెలుసు. మూడింటిలోనూ ప్రస్తావన కూలిని గూర్చియే. ఆ స్త్రీ నన్ను అడిగినదీ అదే.

జకాత్‌ను గూర్చి ఒక ముస్లిం మిత్రుడు నాకు వివరించినప్పుడు ఒక మాట నా మనస్సులో నాటుకొన్నది. నిర్ణీత పరిమాణానికి మించిన సంపద సంవత్సరం పాటు ఉన్నవాడు అందులో నూటికి రెండున్నర వంతు ఇవ్వవలసి ఉంటుంది. అయితే ధనికుల సంపదలో అడిగేవారికీ, లేనివారికీ ఒక ‘హఖ్’ ఉన్నదని ఖురాన్ చెబుతున్నది. హఖ్ అంటే హక్కు. ఇచ్చేవాడు అప్పు తీర్చుకొంటున్నాడు. పుచ్చుకొనేవాడు తనది తాను తీసుకొంటున్నాడు. ఈ దృష్టిలో దాతకు గర్వపడే అవకాశం లేదు, గ్రహీతకు తల వంచుకొనే అవసరం లేదు. మా కతోలిక సంఘం కూడా 1965లో, రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ఒక పత్రంలో ఇదే చెప్పింది. న్యాయంగా చెల్లించవలసినదానిని ముందు చెల్లించాలి, దానినే దానంగా ఇచ్చి పేరు పొందరాదు అని దాని సారాంశం. ఇక మన తెలుగు పల్లెలు ఇంత పెద్ద విషయాన్ని ‘గోవును చంపి చెప్పులు దానం చేసినట్లు’ అని ఒక్క సామెతలో తేల్చివేశాయి.

అంతమాత్రాన దానం వ్యర్థమని నా అభిప్రాయం కాదు. వ్యవస్థ మారనిదే ఏదీ మారదు, దానం పేదవానిని నిద్రపుచ్చే మందు అని వాదించే యువకులను నేనెరుగుదును. ఉప్పెన వచ్చిన మరునాడు ఆకలిగొన్న బిడ్డకు వ్యవస్థను గూర్చి ఉపన్యసించడం క్రూరత్వం. ఆ బిడ్డకు కావలసినది గంజి. దానం నేటి ఆకలిని తీరుస్తుంది, న్యాయం రేపటి ఆకలిని నివారిస్తుంది. నేటిని విస్మరించినవాడు కఠినుడు, రేపటిని విస్మరించినవాడు నా వంటి పిరికివాడు.

మతగురువులకు రాజకీయాలెందుకని అడిగేవారు కూడా ఉన్నారు. ఒక పార్టీకి ఓటు వేయుమని ప్రార్థనాలయంలో చెప్పడం తప్పే. అయితే కూలి ఎగవేసినవానిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, కూలి పోగొట్టుకొన్నవానికి ఓర్పును బోధించడం కూడా రాజకీయమే. మౌనం కూడా ఒక పక్షం వహించడమే అవుతుంది.

నేటి ప్రపంచం అశాంతితో అట్టుడుకుతున్నది. 2022లో ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తింది. 2023లో సూడాన్‌లో అంతర్యుద్ధం రగిలింది. అదే సంవత్సరం అక్టోబరులో ఇజ్రాయెల్‌పై దాడి, అటు పిమ్మట గాజాపై యుద్ధం లోకాన్ని కలచివేశాయి. 2024లో ప్రపంచ దేశాలు సైన్యాలపై వెచ్చించిన మొత్తం సుమారు 2.7 లక్షల కోట్ల డాలర్లని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ లెక్క కట్టింది. ప్రతి యుద్ధానికీ దాని చరిత్ర దానికి ఉన్నది. అన్నింటినీ ఒకే గాట కట్టడం తగదు. కాని హక్కును దీర్ఘకాలం బిగబట్టిన చోట శాంతి నిలువదన్న సత్యాన్ని ఎల్ సాల్వడార్ చాటింది. రొమేరో హెచ్చరికను పెడచెవిన పెట్టిన ఆ దేశంలో 1992 వరకు అంతర్యుద్ధం సాగింది. సుమారు 75,000 మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడ ఇరుపక్షాల చేతులకూ నెత్తురు అంటింది. అన్యాయాన్ని ఎదిరించేవాడు అమాయకులను చంపితే, అతడు కూడా మరొక అన్యాయానికి అంకురార్పణ చేసినట్లే. రొమేరో తుపాకి పట్టలేదు, పట్టుమని ఎవరినీ ప్రోత్సహించలేదు. ఆయన ఆయుధం పేర్లు చదవడం, నిజం చెప్పడం.

ప్రియ విద్యార్థులారా! దూరదేశాల అన్యాయాన్ని చూసి కన్నీరు కార్చుట మంచిదే. అది మన వాకిట్లోని అన్యాయాన్ని చూడకుండా తప్పించుకొనే ఉపాయం కారాదు. మన దేశం 1948లో కనీస వేతనాల చట్టం చేసింది. 1976లో వెట్టిచాకిరిని నిషేధించింది. చట్టాలకు కొదువ లేదు. వాటిని చదివి, చదువురాని కూలివానికి విడమరచి చెప్పగల విద్యావంతులకే కొదువ. రంజాన్ మాసంలో ఫిత్రా ఇచ్చే మీరు, క్రిస్మస్‌కు బట్టలు పంచే మా యువకులు, ఆ ఉత్సాహంలో కొంత ఈ పనికి కూడా వెచ్చించాలి. ఒక కూలివాని పద్దు చూసి, అతనికి రావలసినదెంతో లెక్క కట్టి, అతనితో కలిసి వెళ్ళి మర్యాదగా అడుగుట కూడా ఆరాధనయే.

కళాశాల కార్యవర్గం వారికి కూడా ఒక మనవి. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలు ఎవరి దయ వల్లనో నిలువలేదు. స్వంత విద్యాసంస్థలను స్థాపించి, నిర్వహించుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణంలో మనకు ఇచ్చింది. హక్కు విలువ తెలిసినవారే ఇతరుల హక్కును కాపాడగలరు. మా చర్చి పాఠశాలలను కూడా కలుపుకొనియే అడుగుతున్నాను: మన గదులు ఊడ్చే ఆయమ్మకు, మన గేటు వద్ద నిలబడే కావలివానికి జీతం ఏ తారీఖున అందుతున్నది? పండుగనాడు వారికి ఒక చీర, ఒక పంచె పెట్టి తృప్తి చెందుటకు ముందు, మనమందరం ఆ పద్దు పుస్తకాన్ని ఒకసారి తెరచి చూడాలి.

నాకిప్పుడు వృద్ధాప్యం వచ్చింది. దేవుని ఎదుట నిలబడే రోజు ఎంతో దూరంలో లేదు. ఎన్ని పూజలు చేశావు, ఎన్ని బస్తాలు పంచావు అని ఆయన అడుగుతాడని నేననుకోను. ఆ స్త్రీ కూలి సంగతి ఏమి చేశావని అడుగుతాడు. ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. మీరు చిన్నవారు. మీ వద్దకు అటువంటి మనిషి ఒకరు తప్పక వస్తారు. అప్పుడు మీ జవాబు నా జవాబు వలె ఉండకూడదని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.