తగ్గడం వేరు, నయమవడం వేరు

‘జ్వరం తగ్గిందా?’ అని అడుగుతాం. తగ్గిందంటే పోయిందనే మన వాడుక. జ్వరానికి ఈ వాడుక వల్ల నష్టమేమీ లేదు. ఏఎమ్ఎల్, అనగా తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తపు క్యాన్సరుకూ అదే మాట వాడుతున్నాం. నా పేచీ అక్కడ.

ఏడు రోజులు సైటరబీన్, మూడు రోజులు డానోరూబిసిన్. 1970ల నుంచీ మొదటి విడత కీమోథెరపీ ప్రధానంగా ఇదే. దీని తరువాత ఎముక మూలుగలో క్యాన్సరు కణాలు 5 శాతం లోపుకు దిగి, రక్తకణాల లెక్కలు కుదుటపడితే దాన్ని వైద్యులు ‘రెమిషన్’ అంటారు. అరవై ఏళ్ళలోపు రోగులు నూరుగురిలో 60 నుంచి 80 మంది ఈ మెట్టు ఎక్కుతారు. ఆ నూరుగురిలో దీర్ఘకాలం బతికి బట్టకట్టేది సుమారు 35, 40 మంది. అరవై దాటినవారిలో ఇంకా తక్కువ.

ఈ తేడా రెడ్డిగూడెం మామిడితోటల రైతుకు బోధపడనిది కాదు. తుంగను పైపైన చెక్కి ‘తోట శుభ్రమైంది’ అని అతడు అనడు. గడ్డ నేలలో ఉందని తెలుసు. రెమిషన్ తరువాత ఇచ్చే మందులు, కొందరికి చేసే మూలకణ మార్పిడి, ఆ గడ్డల కోసమే. అదే రైతుకు ‘తగ్గింది’ అని ఒక్క మాట చెప్పి పంపితే, ఇంకా అప్పెందుకని చికిత్స మానుకోడా? 1994లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, రెమిషన్ తరువాత సైటరబీన్ అధిక మోతాదులో పొందిన అరవై లోపువారిలో నాలుగేళ్ళకూ వ్యాధి తిరగబెట్టనివారు 44 శాతం. అల్ప మోతాదు పొందినవారిలో 24 శాతమే.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌ను, సిడ్నీ ఫార్బర్ తీవ్ర ల్యుకేమియా సోకిన పిల్లలకిచ్చాడు. పదహారు మందిలో పదిమందికి మెరుగైందని 1948లో ప్రకటించాడు. ఆ వ్యాసం శీర్షికలోనే ‘తాత్కాలిక’ అన్న విశేషణం ఉంది. సుబ్బారావు మనవాడని రొమ్ము విరుచుకునే మనం ఆ విశేషణాన్ని మాత్రం జారవిడుచుకున్నాం.

నిజం చెబితే రోగి కుంగిపోతాడంటారు. కానీ వ్యాధి తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే. ఆ గడువు దాటినవారికి ఆ ముప్పు బాగా తగ్గుతుంది. ఇదీ నిజమే కదా! దాచేవారు ఈ ధైర్యాన్నీ దాచినట్లే.

ఇంటర్నెట్టుకు తెలుగుమాట ఏదని నెలల తరబడి పోట్లాడుకోగల వాళ్ళం. రెమిషన్‌కు ‘ఉపశమనం’ అందాం. ‘నయం’ అన్న మాటను నిజంగా నయమైనవారికే అట్టిపెడదాం. ఈ మాట తప్పితే పోయేది వ్యాకరణం కాదు, ప్రాణం.