పంపు పెట్టామన్న తృప్తి ఎవరికి?

గుండెపోటుతో బీపీ పడిపోయి, కాళ్లూచేతులూ చల్లబడి, మూత్రం ఆగిపోయిన మనిషి లోపల బల్ల మీద ఉంటాడు. అర్ధరాత్రి క్యాథ్ ల్యాబ్ తలుపు తీసుకుని డాక్టరు బయటికొస్తాడు. "బెలూన్ పంప్ పెడదాం, ఇక్కడ సంతకం పెట్టండి" అంటాడు. కాదనే కొడుకుంటాడా? దాని వల్ల బతికినవాళ్లు ఎక్కువని ఎక్కడ తేలిందో ఆ కుర్రాడు అడగలేడు. అడగాల్సిన పెద్దలేమో నలభై ఏళ్లు నోరు మెదపలేదు!

బృహద్ధమనిలోకి దూర్చిన సన్నటి బెలూన్‌లో గుండె విప్పారినప్పుడల్లా హీలియం నింపుతారు, ముడుచుకోబోయే ముందు లాగేస్తారు. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! 1960ల చివర్లో మొదలైన ఈ వైద్యాన్ని 2012లో గానీ గట్టిగా నిగ్గు తేల్చలేదు. జర్మనీలో హోల్గర్ థీలె బృందం ఇలా గుండెపోటుతో షాక్‌లోకి జారిన 600 మంది రోగులను చీటీలేసినట్టు రెండుగా విడదీసింది. నెల తిరిగేసరికి పంపు పెట్టినవాళ్లలో నూటికి 39.7, పెట్టనివాళ్లలో 41.3 మరణాలు. గణాంకాల లెక్కలో అది తేడాయే కాదు. ఆరేళ్ల తర్వాత చూసినా అంతే. ఇన్నేళ్లూ మనం కట్టింది హీలియం నింపిన తాయెత్తు.

రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ ఒంట్లోకి పంపే ఎక్మో యంత్రానిదీ అదే కథ. 2023లో అదే థీలె పరీక్షించాడు. మరణాలు తగ్గలేదు, రక్తస్రావాలు మాత్రం రెట్టింపు దాటాయి. గుండెపోటు షాక్‌లో ఈ రెంటినీ అలవాటుగా వాడొద్దని 2025 అమెరికా మార్గదర్శకాలూ తేల్చేశాయి.

"అయితే చేతులు కట్టుకుని చూడమంటారా?" అని కోప్పడతారు. అయ్యా, మూసుకుపోయిన రక్తనాళాన్ని వెంటనే తెరవండి! అలా తెరిస్తే ఆరు నెలల మరణాలు 63 శాతం నుంచి 50కి తగ్గాయని జూడిత్ హాక్‌మన్ బృందం 1999లోనే చూపించింది.

ఇప్పుడు ఇంపెల్లా వంతు. ఎడమ జఠరికలోంచి రక్తాన్ని లాగి బృహద్ధమనిలోకి తోసే ఈ బుల్లి పంపు నిజంగానే ప్రాణాలు నిలిపింది. 2024లో వెలువడిన డేంజర్ షాక్ పరీక్షలో ఆరు నెలల మరణాలు 58.5 శాతం నుంచి 45.8కి దిగాయి. ఒప్పుకుంటాను. కానీ ఎవరిలో? రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే తరహా గుండెపోటు వచ్చి, షాక్‌లోకి జారినా కోమాలోకి పోనివాళ్లలో. అలాంటి 360 మందిని పోగెయ్యడానికి మూడు దేశాలకు పదేళ్లు పట్టింది. పైగా పంపు పెట్టినవాళ్లలో నూటికి 42 మందికి డయాలసిస్ అవసరమైంది, పెట్టనివాళ్లలో 27 మందికి. కాలికి రక్తం ఆగిన కేసులూ పెరిగాయి. ఈ ఫలితాన్ని చూపించి షాక్‌లో ఉన్న ప్రతివాడికీ పంపు దూర్చేస్తామంటే, అది బెలూన్ పాఠం మళ్లీ మొదటి నుంచి చదవడమే.

పంపులు పెట్టే ప్రతి ఆస్పత్రీ ఏడాదికోసారి లెక్క బయటపెట్టాలి. ఎందరికి పెట్టారు, ఎందరు నడిచి ఇంటికెళ్లారు, ఎందరికి కాలు తీశారు? ఈ రోగికి ఇదే యంత్రం ఎందుకో ఆ సంతకం కాగితం మీదే తెలుగులో రెండు ముక్కలు రాయాలి. రాయడానికి కారణం దొరకనప్పుడు, ఆ లక్షల బిల్లు ఆ కుర్రాడి చేతిలో పెట్టడానికి మీకేం హక్కుంది?