ఆపరేషన్‌తో ఫైలు మూసేయకండి



తిండి గొట్టం మధ్యలో తెగి పుట్టిన బిడ్డకు ఆపరేషన్ అంటే చెక్కు ఇస్తాము. బిడ్డ ఇల్లు చేరగానే గ్రూపులో ఫోటో వేసి ఫైలు మూస్తాము. ఇది సగం పనే అంటాను నేను.

కడుపులో మొదటి రెండు నెలల్లోనే తిండి గొట్టం, గాలి గొట్టం వేరుపడతాయి. వెన్నుపూసలు ఏర్పడేదీ అప్పుడే. అందుకే ఒకటి చెడిన బిడ్డకు రెండోది కూడా చెడి ఉండవచ్చు. పూస సగమే ఏర్పడితే, బిడ్డ ఎదిగేకొద్దీ వెన్ను పక్కకు వంగుతుంది. పూసలు బాగున్నా భయం పూర్తిగా పోదు. ఈ ఆపరేషన్ మామూలుగా కుడివైపు పక్కటెముకల మధ్య తెరిచి చేస్తారు. తరువాత ఆ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుంటే, పెరిగే వెన్నును లాగుతాయి.

1941లో అమెరికాలో కామెరాన్ హైట్ అనే డాక్టరు తొలిసారి ఒకే ఆపరేషన్‌లో గొట్టం కలిపి బిడ్డను బతికించారు. అంతకు ముందు ఇలాంటి పిల్లలు దాదాపు అందరూ పోయేవారు. వెన్ను సంగతి అడిగే అవసరమే రాలేదు. ఇప్పుడు బతుకుతున్నారు, కాబట్టి అడగాలి.

మనవాళ్లు అడగరు. బడి సంచి బరువంటారు, కూర్చునే తీరంటారు, దిష్టి అంటారు. ఆడపిల్లయితే రేపు సంబంధం కుదరదని దాచిపెడతారు. దాచితే వంకర ఆగుతుందా? ఎత్తు పెరిగే వయసులో ఇంకా ముదురుతుంది.

సర్కారు చూసుకుంటుందని అనకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పట్టికలో 9 పుట్టుక లోపాలు ఉన్నాయి. వాటిలో తిండి గొట్టం లేదు.

చేయవలసింది కొండంత పని కాదు. పసితనంలోనే ఎక్స్‌రేలో పూసలు సరిగా ఉన్నాయా అని డాక్టరును అడగండి. తరువాత అప్పుడప్పుడు చొక్కా విప్పి, బిడ్డను ముందుకు వంచి, వెనుక నిలబడి చూడండి. వీపు ఒకవైపు ఎత్తుగా కనబడితే ఎముకల డాక్టరు దగ్గరకు పొండి. ఎక్స్‌రేలో వంపు 10 డిగ్రీలు ఉంటే దాన్ని స్కోలియోసిస్ అంటారు. తొందరగా తెలిస్తే డాక్టరు కనిపెట్టుకుని ఉంటారు, అవసరమైతే బెల్టో ఆపరేషనో సమయానికి చెబుతారు.

కానీ మిల్లు కూలీకి మదురై పోయిరావడమంటే ఒక రోజు జీతం పోయినట్టే, రైలు ఛార్జీ, ఎక్స్‌రే ఖర్చు వేరే. అక్కడే చాలామంది నిలిచిపోతారు. పక్కన ఛత్రపట్టిలో కట్టుగుడ్డ నేసే ఊరివాళ్లం. కట్టు విప్పాక ఏమైందో కూడా చూడాలి కదా.

వచ్చే మహాసభలో తీర్మానం పెట్టండి: ఇలాంటి బిడ్డకు ఇచ్చే సహాయంలో ఒక భాగం విడిగా ఉంచి, ఎదుగుదల ముగిసేదాకా ప్రతి ఏడూ పరీక్షకు ఇవ్వాలి. వద్దనేవారు కారణం సభలోనే చెప్పండి.